ట్రౌట్ వదలడం ఆపేసిన రిజర్వాయర్‌లో పెద్ద పైక్: చోటు, ఎర, ట్రేస్, పడవ

కార్డిఫ్_కిరణ్

అందరికీ నమస్కారం. దక్షిణ వేల్స్‌లో ఒక రిజర్వాయర్ గురించి అడుగుతున్నాను. సుమారు 400 ఎకరాల నీరు. ఒకప్పుడు ఏటా రెయిన్‌బో ట్రౌట్ వదిలేవారు. ఫ్లై (పీచు, ఈకలతో కట్టిన నకిలీ ఎర) వాళ్ళకి తప్ప ఎవరికీ పర్మిట్ ఉండేది కాదు. ట్రౌట్ వదలడం ఆపి కొన్నేళ్ళయింది. ఇప్పుడు అక్టోబర్ నుంచి మార్చి మొదటి వారం దాకా పైక్‌కి (పదునైన పళ్ళున్న పెద్ద వేటచేప) పర్మిట్ ఇస్తున్నారు, గట్టు మీంచీ పడవ మీంచీ కూడా. ఆనకట్ట దగ్గర 80 అడుగుల లోతు, వాగులు కలిసే పై కొసలో 8 నుంచి 15 అడుగులు. పైక్‌కి తిండి అయ్యే చేపలు రోచ్, పెర్చ్, కొద్దిగా బ్రీమ్ ఉన్నాయి. చచ్చిన చేప ఎర, లూర్ (చేపలా కదిలే బొమ్మ ఎర), ఫ్లై మూడింటికీ అనుమతి ఉంది. బతికిన ఎర, ట్రోలింగ్ (కదిలే పడవ వెనక ఎర లాగడం) నిషేధం.

20 పౌండ్లు దాటిన చేప కావాలి. ఎక్కడ మొదలుపెట్టాలి? ట్రౌట్ రోజుల్లో పేరున్న చోట్లు ఇప్పటికీ పనిచేస్తాయా? ట్రేస్ (గాలాలు కట్టే చివరి వైరు ముక్క), గాలాల కొలతలు ఎవరైనా వివరంగా చెబితే మేలు.

ఏటిగట్టు

కిరణ్ గారూ, ట్రౌట్ నీళ్ళలో పైక్ ఎందుకంత పెరుగుతుందో ముందు పట్టుకోవాలి. మిగతాదంతా అందులోంచే వస్తుంది.

హేచరీలో పెరిగిన రెయిన్‌బోకి పైక్ అంటే ఏమిటో తెలియదు. ఒంటి మీద గట్టి ముళ్ళుండవు, కొవ్వు ఎక్కువ, వదిలేటప్పటికే పౌండున్నర, రెండు పౌండ్లు తూగుతుంది. పెద్ద ఆడ పైక్ అలాంటిదొకటి మింగితే చలినీళ్ళలో చాలా రోజులు ఇంకో వేట అక్కర్లేదు. తక్కువ తిరుగుడు, ఎక్కువ తిండి. అందుకే బ్రిటిష్ రికార్డులు ట్రౌట్ రిజర్వాయర్ల నుంచే వచ్చాయి. మీ పక్కనే ఉన్న లాండెగ్‌వెత్ రిజర్వాయర్‌లో 1990లో గారెత్ ఎడ్వర్డ్స్ (రగ్బీ ఆటగాడే) 45 పౌండ్ల 6 ఔన్సులు, 1992లో రాయ్ లూయిస్ 46 పౌండ్ల 13 ఔన్సులు. ఆ రికార్డు మూడు దశాబ్దాలు నిలిచి 2024 ఫిబ్రవరిలో చ్యూ వ్యాలీ లేక్‌లో లాయిడ్ వాట్సన్ పట్టిన 47 పౌండ్ల 5 ఔన్సుల చేపతో పోయింది. మన లెక్కలో దాదాపు 21.5 కిలోలు.

ఇక మీ నీటి సంగతి. ట్రౌట్ ఆపగానే పైక్ మాయమైపోదు, చిక్కిపోతుంది. 110 సెంటీమీటర్ల ఆడచేప ట్రౌట్ తినే రోజుల్లో 28 పౌండ్లు దాటొచ్చు. అదే పొడవు చేప ఇప్పుడు తల పెద్దగా, వీపు సన్నగా, 20 దగ్గర ఆగొచ్చు. ముసలివి ఏటేటా తగ్గిపోతాయి. వాటి వెనక వచ్చేవి రోచ్, పెర్చ్ తిని పెరిగేవి కాబట్టి నెమ్మదిగా పెరుగుతాయి, ఆకలేస్తే తమ జాతి పిల్లల్నే తింటాయి. అంటే మీరు వెతుకుతున్నవి కొన్నే. 400 ఎకరాల్లో ఆ కొన్నిటిని రోచ్ గుంపుల ద్వారానే కనిపెట్టాలి.

ట్రౌట్ రోజుల్లో పేరున్న చోట్లంటే సాధారణంగా చేపలు వదిలే ర్యాంపు, పడవల జెట్టీ, ట్రౌట్ పంజరాలు కట్టిన మూల. అక్కడ పైక్ కాపు కాసింది లారీ వచ్చి చేపలు దింపేది కాబట్టి. లారీ రావడం మానేశాక ఆ చోటుకి ప్రత్యేకత లేదు. జెట్టీ స్తంభాల చుట్టూ పెర్చ్ ఉంటే తప్ప అక్కడ పొద్దు పాడుచేసుకోవద్దు.

నీటికాకి

ఏటిగట్టు పెద్దాయన చెప్పినదానికి లోతుల లెక్క కలుపుతాను.

అక్టోబర్‌లో నాచు ఇంకా నిలిచి ఉంటే రోచ్ 8–12 అడుగుల్లో, నాచు అంచున ఉంటాయి. నీరు 10 డిగ్రీల సెల్సియస్ కిందకి జారి నాచు చచ్చాక అవి గుంపు కట్టి లోతుకి దిగుతాయి. మీరు చెప్పిన ఆకారం ఉన్న రిజర్వాయర్‌లో డిసెంబర్, జనవరికి 18 నుంచి 35 అడుగుల మధ్య వెతకండి. ముఖ్యంగా మునిగిపోయిన పాత వాగు దారి వెంట. డ్యామ్ కట్టకముందు పారిన ఆ వాగు గాడి అడుగున ఇంకా ఉంటుంది. పాత సర్వే పటం చూసి సౌండర్‌తో (లోతు, చేపల్ని తెరమీద చూపే యంత్రం) అడ్డంగా నాలుగైదు గీతలు తిరిగితే దొరుకుతుంది. గాడి మలుపు తిరిగే బయటి అంచు మొదటి చోటు.

సౌండర్ తెరమీద రోచ్ గుంపు మబ్బులా కనిపిస్తుంది. ఆ మబ్బు ఒక పక్క కోసినట్టు ఉంటే, లేదా అడుక్కి అతుక్కుని పలచబడితే, పైక్ దగ్గర్లో ఉన్నట్టే. అడుగున పడుకున్న పైక్ మాత్రం సౌండర్‌కి సరిగా చిక్కదు, దాన్ని వెతుకుతూ తెర చూడకండి. సౌండర్ లేకపోతే నీటికాకులు, గ్రీబ్‌లు (మునిగి చేపలు పట్టే పక్షులు) ఎక్కడ పదేపదే మునుగుతున్నాయో చూడండి. ఉదయం మొదటి గంటలో, గాలి లేనప్పుడు, నీటి మీద రోచ్ ఎగిరిన చిన్న వలయాలు కూడా కనిపిస్తాయి.

ఫిబ్రవరి మధ్య నుంచి కథ మారుతుంది. గుడ్లతో బరువెక్కిన ఆడచేపలు పై కొస వైపు కదులుతాయి. గుడ్లు పెట్టేది నీరు 8–10 డిగ్రీలకి వచ్చాక, ముంపు గడ్డి ఉన్న లోతులేని చోట. అంతకు ముందు రెండు మూడు వారాలు ఆ చోటుకి దారిలో, 10–15 అడుగుల్లో, మొదటి పల్లం అంచున ఆగుతాయి. ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువ తూగేది అప్పుడే.

ట్రేస్_శాస్త్రి

ట్రేస్ గురించి అడిగారు. పైక్ పళ్ళకి నైలాన్, ఉత్త బ్రెయిడ్ (అల్లిన దారం) ఆగవు. వైరు తప్పనిసరి.

చచ్చిన ఎరకి: 28 లేదా 30 పౌండ్ల బలమున్న, పేటలు కలిపిన మెత్తని స్టీల్ వైరు. పూర్తయ్యాక ట్రేస్ పొడవు 50 సెంటీమీటర్లకి తగ్గకూడదు, 60 ఉంటే ఇంకా మంచిది. కింద రెండు ట్రెబుల్‌లు (మూడు కొక్కేల గాలాలు), సైజు 6 (అంకె తగ్గితే గాలం పెద్దది). ఎర పెద్దదైతే 4. రెంటి మధ్య దూరం 7–8 సెంటీమీటర్లు. కింది ట్రెబుల్‌కి ముల్లు (కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగిన చిన్న మొన) అక్కర్లేదు. పై ట్రెబుల్‌కి ఎరని పట్టుకునే ఒక్క కొక్కెంకి మాత్రం ముల్లు ఉంచి, మిగతా రెండూ ప్లయర్‌తో నొక్కేయండి. కొన్ని నీళ్ళలో అన్నీ ముల్లు లేనివే ఉండాలన్న నియమం ఉంటుంది, పర్మిట్ వెనక చదవండి.

కట్టే పద్ధతి: వైరు చివర కింది ట్రెబుల్ కంటిలోంచి రెండుసార్లు పోనివ్వాలి. మిగిలిన కొసని ఫోర్సెప్స్‌తో పట్టి అసలు వైరు చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల మేర దగ్గర దగ్గరగా చుట్టాలి. చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కితే ఆ ట్రేస్ పారేయండి. తర్వాత వైరు రెండో కొసని పై ట్రెబుల్ కంటిలోంచి దూర్చి, దాని కాడ చుట్టూ నాలుగైదు చుట్లు తిప్పితే అది జారకుండా నిలుస్తుంది, ఎర సైజుకి తగ్గట్టు కొద్దిగా జరుపుకోవచ్చు కూడా. ఆ కొసకి స్వివెల్ (తిరిగే లింకు), అదే చుట్టు. పైన కుదించే ట్యూబు తొడిగితే కొస వేలికి గుచ్చుకోదు. చుట్టు బదులు క్రింప్ (నొక్కి బిగించే లోహపు గొట్టం) వాడేవాళ్ళు వైరు మందానికి సరిపోయే స్లీవ్ కొనాలి. వదులుగా ఉన్నదాన్ని గట్టిగా నొక్కితే వైరు పేటలు లోపలే తెగుతాయి, పైకి ఏమీ కనబడదు.

ఎక్కడ చెడుతుంది? వైరు ఒక్కసారి మడత పడితే ఆ చోట బలం బాగా తగ్గిపోతుంది. ప్రతి చేప తర్వాత వేళ్ళ మధ్య లాగి చూడండి, గరుకు తగిలితే మార్చండి. రెండోది, ట్రేస్ పైన లెడ్జర్ సీసం (ఎరని అడుగున నిలిపే బరువు) జారే భాగం. పైక్ ఎర తీసుకుని మన వైపే ఈదితే లైను దాని నోటికి అడ్డం పడి తెగుతుంది. అందుకని ట్రేస్‌కి పైన ఇంకో 45 సెంటీమీటర్ల వైరు వేసి, సీసం దాని మీద జారేలా పెట్టాలి. చాలామంది వదిలేసేది ఇదే, చేప నోట్లో గాలాలతో పోయేదీ దీనివల్లే.

మెయిన్ లైను: నైలాన్ అయితే 15 పౌండ్లకి తగ్గొద్దు, బ్రెయిడ్ అయితే 50 పౌండ్లు. రాడ్ 12 అడుగులు, 3 పౌండ్ల టెస్ట్ కర్వ్ (రాడ్ ఎంత బరువుకి పూర్తిగా వంగుతుందో చెప్పే కొలత). పడవలో 9–10 అడుగులు చాలు.

గోదారి_వెస్టన్

ఎర సంగతి నేను చెప్తా. సముద్రపు చేపల్లో మాకెరెల్, సార్డీన్, హెర్రింగ్, స్మెల్ట్. ఇవి కాక లాంప్రే (పాములా పొడుగ్గా ఉండేది). సార్డీన్ వాసన బాగా వదుల్తుంది కానీ మెత్తన, కరిగితే వేయడంలోనే ఊడిపోతుంది. ఫ్రీజర్‌లోంచి గట్టిగా ఉన్నదే కట్టి వెయ్యండి, నీళ్ళలో కరుగుతుంది. మాకెరెల్ తోలు గట్టిది, దూరం వెయ్యాలంటే అదే. సగానికి ఏటవాలుగా కోసి తోక ముక్క వాడితే రక్తం, నూనె తొందరగా బయటికొస్తాయి. 15–20 సెంటీమీటర్ల ముక్క సరిపోతుంది. పెద్ద చేప కావాలని పౌండు మాకెరెల్ నిండుగా కట్టొద్దు. గాలాలు ఎర ఒంట్లో దిగబడి పైక్ దవడకి తగలవు.

కట్టే తీరు: పై ట్రెబుల్ తోక మొదట్లో గట్టిచోట, కింది ట్రెబుల్ పక్కకి మధ్యలో. తోక రాడ్ వైపు, తల బయటికి. పైక్ తలవైపు నుంచే మింగుతుంది కాబట్టి మనం లాగినప్పుడు గాలాలు దవడ మూలకి వస్తాయి.

అడుగున నాచు చెత్త పరుచుకుని ఉంటే ఎర అందులో కూరుకుపోతుంది. పొట్టలో చిన్న బాల్సా కర్ర లేదా నురుగు ముక్క దూర్చి, ఎర అడుగు నుంచి 15–30 సెంటీమీటర్లు పైకి తేలేలా చేయండి. గట్టు దగ్గర నీళ్ళలో ముంచి చూసుకుని వెయ్యండి.

రెడ్డింగ్_సుధ

గోదారి అన్నా, ఎర కదిలాక ఎంతసేపు ఆగాలి? పాతవాళ్ళు పైక్ మింగేదాకా ఆగమంటారు.

గోదారి_వెస్టన్

ఆగొద్దు సుధమ్మా. ఆ పద్ధతి వల్ల గాలం గొంతులోకి పోయి ఎన్నో పెద్ద చేపలు చచ్చాయి. డ్రాప్-ఆఫ్ ఇండికేటర్ (లైనుకి క్లిప్ చేసే, ఎర కదిలితే కిందపడే గుర్తు) పడగానే రాడ్ తీసుకో, బెయిల్ ఆర్మ్ (రీల్ మీద లైను పట్టే తీగ) మూయి, లైను బిగిసేదాకా రీల్ చుట్టు, బరువు తెలిసిన క్షణంలో రాడ్ నిలకడగా వెనక్కి లాగు. 15–20 సెంటీమీటర్ల ఎరని పైక్ అప్పటికే నోట్లో అడ్డంగా పట్టుకుని ఉంటుంది, రెండు గాలాల్లో ఒకటి తగులుతుంది.

రాడ్ వదిలేసి దూరం వెళ్ళకూడదు. అలారం మోగినా 50 గజాల అవతల ఉంటే అంతే సంగతులు.

కార్డిఫ్_కిరణ్

చాలా ఉపయోగం. ఒక సందేహం. ఇండికేటర్ పడుతుంది, లైను రెండు మూడు గజాలు పోతుంది, తర్వాత వదిలేస్తుంది. ఎర మీద పళ్ళ గీతలు ఉంటాయి. ఎందుకు?

ట్రేస్_శాస్త్రి

మూడు కారణాలు చూసుకోండి. ఇండికేటర్ లైను క్లిప్ మరీ బిగుతుగా ఉంటే పైక్‌కి లాగుడు తెలిసి వదుల్తుంది. గాలి, అల ఆపేంత బిగువు చాలు. సీసం లైను మీద జారకపోయినా అదే ఫలితం. నాచు పీచు చుట్టుకుని సీసం జారే రింగు పట్టేసిందేమో చూడండి, పెద్ద కన్ను ఉన్న రింగు వాడండి. మూడోది, గీతలు దగ్గర దగ్గరగా, సన్నగా ఉంటే అది నాలుగైదు పౌండ్ల జాక్ (చిన్న పైక్). దానికోసం గాలాలు మార్చకండి. గీతల మధ్య దూరం ఎక్కువగా ఉండి, ఎర నలిగిపోయి ఉంటే పెద్దదే. అక్కడే ఇంకో ఎర, ఈసారి సగం సైజు, వెంటనే వెయ్యండి.

నీటికాకి

ఎన్నాళ్ళు ఒకే చోట కూర్చోవాలన్నది కూడా ముఖ్యం. రోచ్ గుంపు తెర మీద కనిపిస్తూ ఉంటే గంటన్నర ఆగండి. కనబడకపోతే 45 నిమిషాలకి కదలండి. రెండు రాడ్లలో ఒకటి అంచు పైన, ఒకటి అంచు కింద. ఇంగ్లాండ్, వేల్స్‌లో పదమూడేళ్ళు నిండిన ఎవరికైనా రాడ్ లైసెన్స్ ఉండాలి, పర్మిట్ వేరు, అది వేరు. 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళకి ఉచితమే కానీ తీసుకోవాలి.

పడవకి రెండు లంగర్లు, ముందొకటి వెనకొకటి. ఒకటే వేస్తే పడవ గాలికి ఊగుతూ లైన్లని ఈడుస్తుంది, ఎర కదిలినట్టు ఇండికేటర్ అబద్ధం చెబుతుంది. లంగరు తాడు లోతుకి మూడు రెట్లు. 30 అడుగుల నీటికి 90 అడుగులు. లంగరు గిరాటు వెయ్యకుండా చేత్తో దించండి, పడవ అడుగున పాత కార్పెట్ ముక్క పరవండి. చలికాలంలో ఆ నీరు 5 డిగ్రీలు ఉంటుంది. పడితే చేతులు నిమిషాల్లో మొద్దుబారతాయి, కాబట్టి లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండాలి, సీటు కింద కాదు.

ఫ్లై_విశాఖ

అందరూ ఎర మీదే ఉన్నారు, ఫ్లై గురించి నేను. అక్టోబర్, నవంబర్‌లో నీరు 9–13 డిగ్రీల మధ్య ఉండగా ఇది ఎరకి ఏమాత్రం తీసిపోదు. 9 లేదా 10 నంబర్ రాడ్. 15 అడుగుల లోపు ఇంటర్మీడియట్ (నెమ్మదిగా మునిగే) లైను, అంతకంటే లోతుకి వేగంగా మునిగేది. ఫ్లై 20–25 సెంటీమీటర్లు, ఒకే హుక్, 4/0 నుంచి 6/0, ముల్లు నొక్కేసి. బరువు కాదు, నీళ్ళు పీల్చుకోని సింథటిక్ పీచుతో ఆకారం రావాలి. తడిసిన ఫ్లై బరువెక్కితే పొద్దెక్కేసరికి భుజం పోతుంది. లీడర్ 25 పౌండ్ల నైలాన్ నాలుగైదు అడుగులు, చివర ముడి వేయగల 30 పౌండ్ల వైరు 40 సెంటీమీటర్లు.

రంగు విషయంలో నా మాట: ట్రౌట్ పోయి ఏళ్ళయినా గులాబీ చారల రెయిన్‌బో ఫ్లైలు కొనేవాళ్ళున్నారు. ఇప్పుడక్కడ తిండి రోచ్, పెర్చ్. తెలుపు–వెండి, ఆలివ్–నారింజ రెండూ పెట్టుకోండి. నీరు బురదగా ఉంటే నలుపు.

లాగడం: రెండు పొడుగు లాగులు, ఒక ఆగుడు. ఆగినప్పుడే కొడుతుంది. కొట్టగానే రాడ్ ఎత్తకండి, ట్రౌట్ అలవాటు ఇక్కడ దెబ్బ తీస్తుంది. లైను చేత్తో గట్టిగా వెనక్కి గుంజండి, రాడ్ నీటి వైపే ఉండాలి.

నీటికాకి

నవంబర్ దాకా ఒప్పుకుంటాను విశాఖ. నీరు 6 డిగ్రీలకి దిగాక 25 అడుగుల అడుగున ఉన్న పెద్ద ఆడచేప ఫ్లై వెనక పరుగెత్తదు. అప్పుడు ఎర, లేదా 20 సెంటీమీటర్ల మెత్తని రబ్బరు షాడ్ (చేప ఆకారపు లూర్), 20–30 గ్రాముల జిగ్ హెడ్‌తో (గాలం ఉన్న సీసపు తల) అడుగుకి అంగుళాల ఎత్తున నెమ్మదిగా.

ఫ్లై_విశాఖ

జనవరికి మీ మాటే సరి. కానీ రోజంతా ఒకేలా ఉండదు. మబ్బు పట్టి, నైరుతి గాలి రెండు మూడు రోజులు వీచి, నీరు ఒక డిగ్రీ పెరిగిన మధ్యాహ్నం ఫ్లై ఒకసారి వేసి చూడండి.

ఏటిగట్టు

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఈ నీటిలో పెద్దవి కొన్నే అన్నాను కదా. ఒక్కటి చచ్చినా దాని స్థానం నిండడానికి పదేళ్ళు పట్టొచ్చు, ట్రౌట్ లేకపోతే అసలు నిండకపోవచ్చు. సామాను ముందే గట్టు మీద సిద్ధంగా ఉండాలి. 42 అంగుళాల వెడల్పు, లోతైన వల, ముళ్ళు చిక్కుకోని రబ్బరు పూత మెష్. చేపని పడుకోబెట్టడానికి ఒక మీటరు పైన పొడవుండే మందపాటి మ్యాట్. 30 సెంటీమీటర్ల ఫోర్సెప్స్. ట్రెబుల్ తెంచగల కట్టర్. ముందే తడిపిన తూకం సంచి, దాని బరువుకి సున్నా చేసిన కాటా.

వలలో పడ్డాక ఒక నిమిషం నీళ్ళలోనే ఊపిరి తీసుకోనివ్వండి. గాలాలు పెదవికే ఉంటే నీళ్ళలోనే తీసేయండి. లోపలున్నాయా, చేపని తడి మ్యాట్ మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఎడమచేతి వేళ్ళు మొప్ప మూత కింద దవడ ఎముక వెంట దూర్చి, గడ్డం దగ్గర ఎత్తితే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. వేళ్ళు ఎర్రటి మొప్ప పోగులకి తగలకూడదు. పై ట్రెబుల్ నోటిలోంచి అందకపోతే మొప్ప మూత పక్క సందులోంచి ఫోర్సెప్స్ పోనిచ్చి తిప్పండి. కుదరకపోతే గాలం ముక్కలుగా కత్తిరించండి. గాలం చవక, చేప పదిహేనేళ్ళది.

తూకం, ఫొటో కలిపి నీటి బయట ఒక నిమిషం దాటొద్దు. మోకాళ్ళ మీద కూర్చుని, మ్యాట్ పైనే పట్టుకోండి. నిలువుగా దవడ పట్టి వేలాడదీయడం 20 పౌండ్ల చేపకి వెన్ను దెబ్బ. వదిలేటప్పుడు తోక దగ్గర పట్టుకుని అదే ఈదుకుంటూ వెళ్ళేదాకా ఆగండి. నీరు 18 డిగ్రీలు దాటితే వేట మానేయండి. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువ, అప్పుడు పట్టి వదిలినవి తర్వాత చస్తాయి.

రెడ్డింగ్_సుధ

ట్రౌట్ మళ్ళీ వదలాలంటే పైక్‌ని పూర్తిగా తీసేయాలని కొందరు అంటుంటారు. సాధ్యమేనా?

ఏటిగట్టు

వలలతో సాధ్యం కాదమ్మా. ఇంగ్లాండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో శాస్త్రవేత్తలు 1944 నుంచి పైక్‌కి వలలు వేసి లెక్కలు రాశారు. పెద్దవాటిని తీసేకొద్దీ చిన్నవి పెరిగాయి, ఎందుకంటే చిన్నవాటిని తినేవే పెద్దవి. కాలిఫోర్నియాలో లేక్ డేవిస్ ఇంకా గట్టి ఉదాహరణ. అది ట్రౌట్ సరస్సు. ఎవరో దొంగతనంగా వదిలిన పైక్ 1994లో బయటపడింది. 1997లో నీళ్ళంతా చేపల్ని చంపే రోటెనోన్ మందు కొట్టారు, తాగునీటి సరఫరా ఆగిపోయి ఊరివాళ్ళ గొడవ. 1999లో మళ్ళీ పైక్. 2007లో రెండోసారి మందు కొట్టి, ఆ తర్వాత ట్రౌట్ వదిలారు. అక్కడ పైక్ పరాయి చేప కాబట్టి, కింద నదిలో సాల్మన్ ఉన్నాయి కాబట్టి అంత చేశారు. బ్రిటన్‌లో పైక్ స్థానిక చేప, ఆ లెక్క ఇక్కడికి సరిపోదు. అనుమతి లేకుండా చేపని ఒక నీటి నుంచి ఇంకో నీటికి మార్చడం ఇక్కడ నేరం కూడా.

ట్రేస్_శాస్త్రి

కిరణ్ గారికి ఇంకొకటి. కిల్లర్ ష్రింప్ అనే పరాయి రొయ్య 2010లో ఇంగ్లాండ్‌లోని గ్రాఫమ్ వాటర్ రిజర్వాయర్‌లో, అదే ఏడు మీ కార్డిఫ్ బేలో కూడా దొరికింది. బేలో వాడిన వల, మ్యాట్, లంగరు తాడు తడిగా రిజర్వాయర్‌కి తేవద్దు. తాడు పేటల్లో, మ్యాట్ కుట్లలో అది రోజుల తరబడి బతుకుతుంది. 45 డిగ్రీల వేడినీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి, పూర్తిగా ఆరనిచ్చి తీసుకెళ్ళండి.

కార్డిఫ్_కిరణ్

అందరికీ ధన్యవాదాలు. పాత సర్వే పటం వెతికాను, వాగు గాడి పై కొస నుంచి పడమటి గట్టుకి 70 గజాల దూరంలో మలుపు తిరుగుతోంది, అక్కడ 14 నుంచి 26 అడుగులకి పడిపోతుంది. నవంబర్ చివర గాలి పడమర నుంచి ఉంటే పడవ ఎటు కట్టాలి?

నీటికాకి

గాడికి పైన, 14 అడుగుల మెట్ట మీద, గాలికి అడ్డంగా రెండు లంగర్లు వేసి కట్టండి, పక్క గాడి వైపు ఉండాలి. ఒక ఎర 16 అడుగుల్లో వాలు మొదట్లో, రెండోది 26 అడుగుల్లో వాలు కింద. గాలి వీపు వెనక నుంచి వస్తుంది కాబట్టి వేయడం తేలిక, లైనుకి వంపూ తక్కువ. ముందు రోజు కాకుండా, అదే ఉదయం సౌండర్‌తో ఆ మలుపు ఒకసారి దూరం నుంచి తిరిగి చూడండి. రోచ్ అక్కడ లేకపోతే లంగరు వెయ్యకుండా గాడి వెంట డ్యామ్ వైపు వెళ్ళండి.